చేనికిని మందకును నడుమ
(నాగల్‌గిద్దలో రైతులును పశువుల కాపరులును కూడిన సభయందు చేసిన ఉపన్యాసము)



ఈ సభకు మమ్ము పిలిచిన పెద్దలు రైతులకును కాపరులకును సామరస్యము గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కోరిరి. సామరస్యమను మాట పలుకుట సులభము. పలికినంతనే చప్పట్లు మ్రోగును, సభ ముగియును, ఆ రాత్రియే ఎవరి కందిచేనిలోనో మరల పశువులు పడును. కావున మేము సామరస్యము గూర్చి చెప్పబోము. కొట్లాటను గూర్చియే చెప్పదలచితిమి. అది ఎట్లు పుట్టినది, ఎవరి నోటికాడి కూడు తీయుచున్నది, అందులో సర్కారు పాలెంత, మన పాలెంత అను లెక్క తేలినచో తక్కినది మీరే చూచుకొనగలరు.

నాగల్‌గిద్ద నేలను గూర్చి నాగల్‌గిద్ద వారికి చెప్పుట హాస్యాస్పదమే. అయినను ఈ ప్రసంగమును పత్రికలో చదువు పరప్రాంతీయుల కొఱకు కొంచెము చెప్పక తప్పదు. 2016 అక్టోబరులో మెదకు జిల్లానుండి సంగారెడ్డి జిల్లా వేఱుపడినపుడు ఇది మండలమైనది. అంతకు ముందు మనూరు మండలములో ఉండెడిది. సరిహద్దు దాటిన బీదరు జిల్లా. బాలాఘాటు కొండలలో పుట్టిన మంజీర మహారాష్ట్రమును కర్ణాటకమును దాటి ఈ ప్రాంతముననే తెలంగాణములో అడుగిడుచున్నది. ఒకే సంతలో తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ వినవచ్చును. తండాలలో లంబాడీ పలుకు. నల్లరేగడి భూములు. వానకాలమున కాలు పెట్టనీయవు, వేసవిలో చేయి దూరునంత నెఱ్ఱెలు విచ్చును. పూర్వము జొన్నయే రాజు. నేడు కందియు ప్రత్తియు ఆ గద్దె నెక్కినవి.

ఇక కొట్లాట. పేరు పెట్టి ఒకరి సంగతి చెప్పుట మాకు ఇష్టము లేదు. ఎవరి సంగతియో అనుకొనుడు. మార్గశిరము వెళ్లుచున్నది. కంది కాయ పట్టినది, ఇంకొక మూడు వారములలో కోతకు వచ్చును. విత్తులకు, మందులకు, మనుమరాలి పెండ్లికి చేసిన అప్పు ఈ కంది అమ్మియే తీర్చవలెను. ఆషాఢమునుండి ఆ చేనిని కంటికి రెప్పవలె కాచిన ముసలమ్మ ఒక్క రాత్రి జ్వరము వచ్చి ఇంట పండుకొన్నది. తెల్లవారి చూచుసరికి చేనికి ఒక ప్రక్క కాయ లేదు, ఆకు లేదు, విఱిగిన మోళ్లు మాత్రము నిలిచియున్నవి. ఆమె ఏడ్పు విన్నవారికి కోపము రాకుండునా? కొడుకులు కఱ్ఱలు పట్టుకొని తండావైపు నడచిరి.

ఆ పశువుల కాపరి ఎవడు? సెంటు భూమి లేనివాడు. తనవి నాలుగు, పదిమందివి కలిపి మఱి కొన్ని తోలుకొని తిరుగువాడు. తెల్లవారినది మొదలు ప్రొద్దుగూకువఱకు ఏ గట్టున నిలిచినను ఎవరో ఒకరు అదలించిరి. మేతకని వదలిన భూమిలో ఎవరో నాగలి దున్నిరి. చెఱువు దారికి ఎవరో తీగ కట్టిరి. పగలు కడుపు నిండని పశువు రాత్రి త్రాడు తెంపుకొనదా? ఈ ఇరువురిలో దోషి యెవడని మమ్ము అడిగినచో, ఆ ఒక్క రాత్రికి కాపరియే దోషి. చేను మేపినవాడు చేనుగలవానికి ఋణపడెను, అందు సందేహము లేదు. అయితే ఆ రాత్రికి వెనుక ముప్పది నలుబది యేండ్లు గలవు. వానికి కాపరి దోషి కాడు.

వెనుకటి యేర్పాటు ఎట్లుండెడిదో ఈ సభలోని తలపండినవారు ఎఱుగుదురు. ఉదయమున గ్రామ కాపరి కేక వేసినంతనే ఇంటింటి పశువు దొడ్డినుండి వెడలి ఊరి వెలుపల మంద కూడెడిది. వానికి జీతము నగదుగా కాదు, కళ్లములో తలకింతయని ధాన్యముగా ముట్టెడిది. పైరు నేలమీద నున్నంతకాలము మంద బంచరాయికి పోవలెను. జొన్న కోసి చొప్ప కుప్ప వేసిన పిమ్మట చేలన్నియు ఊరందరివి. అప్పుడు ఎవరి పశువు ఎవరి చేనిలో నున్నను అడ్డు పెట్టువారు లేరు. మోళ్లను మేసినది, పేడ వేసిపోయినది, చెల్లుకు చెల్లు. కురుమ గొల్ల సోదరులు వచ్చిరని తెలిసిన రైతే ఎదురేగి పిలిచెడివాడు. రాత్రులు చేనిలో మంద నిలిపినందుకు గింజలో రూకలో ఇచ్చి, పై పెచ్చు భోజనము పెట్టెడివాడు. ఎందుకు? పశువుల పెంట ఎరువులో నూటికి అర పాలు నత్రజని యుండగా గొఱ్ఱె మేకల ఎరువులో దాదాపు మూడు పాళ్లుండునని వ్యవసాయశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆ శాస్త్రము చదువకయే మన తాతలు ఆ లెక్క కట్టిరి.

లంబాడీ సోదరుల కథ కొంచెము వేఱు. వారు మొదట కాపరులు కారు, వర్తకులు. వేలకొలది ఎద్దులపై ఉప్పును ధాన్యమును మోయించుచు దక్కనులో మొగలు సైన్యములకు తిండి చేర్చినవారు. బాటలు, రైళ్లు వచ్చినవి. 1874లో వాడి నుండి సికింద్రాబాదుకు రైలు నడచినది. ఎద్దు చేయుపని ఇనుము చేసినది. బిడారు ఆగినచోటనే తండా నిలిచినది. ఎద్దులు మాత్రము మిగిలినవి. వానిని మేపుటయే జీవనమైనది. ఈ చరిత్రను తెలియక తండావారిని పొలములకు పరాయివారని పలుకుట మాకు ఎన్నడును నచ్చలేదు.

ఆ వెనుకటి కాలము రామరాజ్యమని మేము అనుట లేదు. పండుగ వచ్చిన దొరగారి ఇంటికి గొఱ్ఱెను ఊరకయే తోలవలసిన వెట్టి ఆ కాలముదే. దొరగారి పశువు చేనిలో పడినచో అడుగగలిగిన రైతు లేడు. ఆవు చేలో మేసిన దూడ గట్టున మేయునా యను సామెత ఊరక పుట్టలేదు. కాని అన్యాయములతో కూడియైనను ఒక కట్టు ఉండెడిది. చేనికి మంద అవసరము, మందకు చేను అవసరము. కొట్లాడినవారు మఱునాటికి కలియక తీరదు.

ఆ అవసరమే నేడు తెగినది. ఇది మా ప్రసంగమునకు ప్రాణమువంటి మాట, కనుక దీనిపై కొంచెము నిలిచెదము. పూర్వము రైతు వేఱు, కాపరి వేఱు కాదు. జోడెడ్లు, రెండు ఆవులు, ఒక బఱ్ఱె లేని రైతిల్లు రైతిల్లే కాదు. బంచరాయి తగ్గిన తన ఎద్దే పస్తుండును గనుక రైతే దానికి కావలి కాచెడివాడు. ట్రాక్టరు వచ్చినది. ఎద్దులు సంతకు పోయినవి. యూరియా బస్తా వచ్చినది, పెంటకుప్ప అవసరము తగ్గినది. తన దొడ్డిలో పశువు లేని రైతునకు బంచరాయి వట్టి బీడుగా కన్పట్టినది. బీడు కన్పట్టిన దున్నవలెనని చేయి దురద పెట్టుట సహజమే గదా! దేవణి వంటి మేలుజాతి పశువులు ఈ సరిహద్దునకు ఆవలి లాతూరు బీదరు సీమల సొత్తు. వానిని పోషించు ఇండ్లు ఇప్పుడు ఊరికి ఎన్ని మిగిలినవో లెక్కించి చూడుడు.

పంటయు మాఱినది. జొన్న మనిషికి గింజను, పశువునకు చొప్పను ఇచ్చెడిది. ప్రత్తి చొప్ప నీయదు. అంతే కాదు. కందియైన పుష్యమువఱకు, ప్రత్తియైన తీతలన్నియు ముగియువఱకు నేలను వదలవు. ఒకని చేను కోత కాగా, ప్రక్కవాని చేనిలో ఇంకను పైరున్నది. ఊరంతయు ఒకేసారి చేలు విడుచు నాటి వాడుక ఎట్లు నిలుచును? మొన్నటివఱకు మేయనిచ్చిన గట్టున నేడు కలుపు చంపు మందు చల్లుచున్నారు. మేతకు మిగిలిన భూమియు తగ్గినది, మిగిలిన నెలలును తగ్గినవి.

ఇందులో పొరపాటులు ప్రాణాంతకములగుచున్నవి. కోసిన జొన్న మోళ్లనుండి లేచు లేత పిలకలలోను, వాన లేక వాడిన లేత జొన్నలోను విషముండును. దానిని మేసిన పశువు గడియలలో కూలును. కాపరి ఏమనుకొనును? చేనువాడు మందు పెట్టెనని. 2006లో ఓరుగల్లు జిల్లాలో ప్రత్తి కోసిన చేలలో మేసిన గొఱ్ఱెలు పెద్దసంఖ్యలో చచ్చినవని కాపరులు మొఱపెట్టుకొనిరి. కొత్తరకపు బీటీ ప్రత్తియే కారణమని వారనిరి. ఆ ప్రత్తికి అనుమతి నిచ్చిన కేంద్రసంఘము కాదనెను. ఎవరి మాట ఎట్లున్నను, గొఱ్ఱె పోయినవాని ఇంట పొయ్యి చల్లారినది. మఱియొక వైపు, అడవిపందులకని చేనిచుట్టు రహస్యముగా కరెంటు తీగ పెట్టు దురాచారము రాష్ట్రమంతట ప్రబలినది. ఆ తీగకు పంది యేది, పశువు యేది, పశువు వెనుక నడచు పిల్లవాడెవడు అను భేదము తెలియదు. ఈ తీగ పెట్టువారిని రైతులైనను సరే మేము సమర్థింపజాలము. చేనిని కాచుకొను హక్కు ప్రాణము తీయు హక్కు కాదు.

సర్కారు పాలును చూతము. 2017 జూనులో తెలంగాణ ప్రభుత్వము గొల్ల కురుమలకు గొఱ్ఱెల పంపిణీ నారంభించినది. ఇరువది గొఱ్ఱెలు, ఒక పొట్టేలు. 1,25,000 రూపాయల విలువలో మూడు వంతులు ప్రభుత్వము భరించినది. పేదవానికి చేయి అందించు పనిని మేము తప్పు పట్టము. 2012లో 1 కోటి 28 లక్షలుగానున్న రాష్ట్రపు గొఱ్ఱెలు 2019 పశుగణనలో 1 కోటి 90 లక్షలు దాటినవి. దేశములోనే ప్రథమస్థానమని సంబరపడితిమి. కాని గొఱ్ఱెను ఇచ్చిన చేయి గడ్డిని ఇచ్చినదా? లారీలో గొఱ్ఱె దిగినది, అది మేయవలసిన బంచరాయి ఏ సర్వే నంబరులో నున్నదో చెప్పువారు దిగలేదు. 2018లో మొదలైన రైతుబంధు పట్టా గలవానికి ఎకరాకింతయని డబ్బిచ్చినది. మందిపొలములో మంద మేపువానికి పట్టా యెక్కడిది? ఒకరికి భూమిని చూచి, ఒకరికి గొఱ్ఱెను చూచి సాయము చేసిరి. ఇరువురు ఒకే గట్టుమీద నిలిచియున్నారన్న సంగతి ఏ దస్త్రములోను ఎక్కలేదు.

బంచరాయికి చట్టము లేక కాదు. నిజాము రాష్ట్రపు 1317 ఫసలీ భూమిశిస్తు చట్టములోనే గ్రామపశువుల మేతకై భూమిని ప్రత్యేకించు ఏర్పాటున్నది. స్వరాజ్యము వచ్చిన పిదప భూమిలేనివారికి సర్కారు భూములు పంచిరి. అది న్యాయమే. కాని ఆ న్యాయము దొరల మిగులు భూమినుండి జరుగవలసినంత జరుగక, గోవుల భూమినుండి ఎక్కువగా జరిగినదని మా అభిప్రాయము. ఆ తరువాత ఆక్రమణదారులు వచ్చిరి. వారిలో భూమిలేనివారు తక్కువ. 2011 జనవరిలో జగపాల్ సింగ్ దావాలో సర్వోన్నత న్యాయస్థానము గ్రామపు ఉమ్మడిభూముల ఆక్రమణలను తొలగించి ఊరికి తిరిగి యప్పగింపుడని రాష్ట్రములన్నింటిని ఆదేశించెను. తీర్పు వచ్చి యేండ్లు గడచినవి. మీ ఊరిలో ఎన్ని గుంటలు తిరిగి వచ్చినవో మీకే తెలియును.

కొట్లాట తీర్పవలసిన చట్టము సంగతి ఇంకను విచిత్రము. బ్రిటిషువారు 1871లో పశువుల అతిక్రమణ చట్టము చేసిరి. చేనిలో పడిన పశువును పట్టి 24 గంటలలో బందెలదొడ్డికి తోలవలెను. గొఱ్ఱెకు అణా, ఆవునకు నాలుగణాలు, బఱ్ఱెకు ఎనిమిదణాలు, ఏనుగునకు రెండు రూపాయలు జుర్మానా! ఏనుగును బందెలదొడ్డికి తోలిన మొనగాడెవడో మాకు తెలియదు. ఏడు దినములలో విడిపించుకొనకున్న చాటించి వేలము వేయుదురు. పట్టిన పశువును బలవంతముగా విడిపించిన ఆరు మాసముల ఖైదువఱకు శిక్ష. ఇంత వివరముగా వ్రాసిన ఆ చట్టములో ఒక్కటి చూడుడు. జుర్మానా రైతునకు ముట్టదు. చేను పోయినవాడు నష్టము కావలెనన్న వేఱుగా దావా వేసికొనవలెను. కాపరి డబ్బు కట్టెను, రైతు చేను పోయెను, మధ్య ఖజానా నిండెను. అదే యేట అదే ప్రభుత్వము దేశదిమ్మరులైన అనేక జాతులను పుట్టుకతోనే నేరస్థులుగా పరిగణించు చట్టమును చేసినది. అది 1952లో రద్దైనది. తిరుగువానిని అనుమానించు బుద్ధి మాత్రము ఠాణాలలో ఇంకను పూర్తిగా రద్దు కాలేదని వినుచున్నాము.

మన స్వాతంత్ర్య పోరాటములో పశువు మేతకు ఎంత చోటున్నదో యువకులు మఱచిరి. పల్నాటిలో అడవిలో పశువులు మేపినందుకు పుల్లరి కట్టమని సర్కారువారు పీడింపగా రైతులు నిరాకరించిరి. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు వీరుడు కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పులకు నేలకూలెను. 1940లో జోడెఘాటులో కొమురం భీము ప్రాణములర్పించిన పోరాటములో, అడవిలో పశువులు మేపుకొనుట మీదను కట్టె తెచ్చుకొనుట మీదను వేసిన పన్నులును ఒక కారణమే. ఆనాడు ఎదుట నిలిచినది పరాయి దొరతనము. పల్నాటి రైతే కాపరి, కాపరియే రైతు. నేడు గట్టుకు ఈవల ఆవల నిలిచినవారు ఒకే ఊరి చెఱువు నీరు త్రాగువారు. అందువలన ఈ పోరాటము దానికంటె కష్టము.

దీనిని ఊరి జగడమని తేలికగా తీసికొనువారు నైజీరియా దేశమును చూడవలెను. అచ్చటి బెన్వే రాష్ట్రమున ఫులానీ పశుపాలకులకును రైతులకును వైరము ముదిరి, 2017లో బయట మేపుటయే కూడదని చట్టము చేసిరి. 2018 జనవరి తొలిదినములలోనే గ్రామములపై దాడులు జరిగి పదులకొలది ప్రజలు చచ్చిరి. మేత ఎక్కడ దొరకునో చూపక మేపుట మానుమన్న శాసనము పశువు కడుపు నింపదు. మన ప్రాంతము అంతవఱకు పోలేదు, పోదనియు మా నమ్మకము. మన కఱ్ఱలు కఱ్ఱలుగానే యుండగా మేల్కొనుట మంచిది.

ఇప్పుడే ఎందుకు తొందర యందురా? 2022 ఫిబ్రవరిలో నారాయణఖేడులో బసవేశ్వర, సంగమేశ్వర ఎత్తిపోతల పథకములకు శంకుస్థాపన జరిగినది. సింగూరు నీటిని ఎత్తి ఈ మెట్టభూములకు పాఱించుట వాని ఉద్దేశ్యము. నీరు రావలెను, మేము చేతులెత్తి మ్రొక్కుదుము. అయితే నీరు వచ్చిననాడు రెండవ పంట వచ్చును, చెఱకు వచ్చును. చెఱకు వేసినచో ఏడాది పొడుగున చేను మూతపడును. వేసవిలో ఇంకను తెఱచియున్న నాలుగు చేలును అప్పుడు మూతపడును. కాలువ త్రవ్వువాడు పశువుల బాటను అడిగి త్రవ్వడు. నీరు లేనప్పుడే ఇంత జగడమైన, నీరు వచ్చిన పిమ్మట ఎకరము విలువ పెరిగినప్పుడు బంచరాయిని విడుచువాడెవడు?

కావున మేము కోరునది ఇంతే. మొదట ప్రతి గ్రామసభయు తన బంచరాయిని, చెఱువు శిఖమును, మంజీరకు పోవు డొంకలను సర్వే నంబర్లతో వ్రాయించి, హద్దురాళ్లు పాతించి, ఆ పట్టికను పంచాయతీ గోడమీద అందరు చదువునట్లు వ్రాయింపవలెను. 2018 చట్టముతో తండాలు వేఱు పంచాయతీలైనవి. సంతోషము. కాని పంచాయతీ రెండైనంతమాత్రమున గడ్డి రెండు కాలేదు. ఊరు తండా కలిసి కూర్చుండి ఉమ్మడి బంచరాయిని ఉమ్మడిగానే నిలుపుకొనవలెను. తరువాత, ఏ దిక్కు చేలు ఏ వారమున విడువవలెనో కోతల ముందే నిశ్చయించి చాటింపు వేయింపవలెను. అందరి చేలు ఒకేసారి విడువకపోయినను దిక్కువారీగా విడువవచ్చును. గ్రామ కాపరిని మరల నియమించి తలకింతయని జీతము కట్టినచో, ఇంటికొక పిల్లవాడు బడి మాని పశువుల వెంట తిరుగుటయు తప్పును. చేను పాడైనచో రైతుల పక్షమున ఇరువురు, కాపరుల పక్షమున ఇరువురు పోయి ఆ దినమే చూచి నష్టము కట్టవలెను. ఆ సొమ్ము పంచాయతీకి కాదు, చేనుగలవానికి ముట్టవలెను. ఆ నలువురిలో ఒకరైన స్త్రీ యుండుట అవసరము. చేనిని రాత్రులు కాచునదియు, దొడ్డిలో గడ్డి వేయునదియు ఆమెయే గదా.

గొఱ్ఱెల మందలతో దూరమునుండి వచ్చు కురుమ సోదరుల విషయము ఒక్కటి మిగిలినది. వారిని దొంగలవలె తఱుముట మాని, వెనుకటివలె చేనిలో మంద నిలుపుమని పిలిచి చూడుడు. ఒక ఎకరములో మంద నిలిపి, ప్రక్క ఎకరమునకు యూరియా వేసి, రెండు పంటల దిగుబడిని మీ కండ్లతో మీరే కొలువుడు. ఎవరి మాటయు నమ్మనక్కఱలేదు, మా మాటయు నమ్మవలదు.

కాలువ కొలతకు గొలుసు పట్టుకొని ఉద్యోగులు మీ పొలములకు వచ్చుదినము వచ్చును. ఆనాడు వారి చేతికి ఈయవలసిన కాగితము మీ వద్ద నుండవలెను. ఏ డొంక ఏ నీటికి పోవునో, ఏ బంచరాయి ఎన్ని గుంటలో, దానిపై ఊరివారి సంతకములును తండావారి వ్రేలిముద్రలును ప్రక్కప్రక్కన ఉన్న కాగితము. ఈ సాయంకాలము సభ విడువకముందే ఆ కాగితమునకు మొదటి పంక్తి వ్రాయింపుమని మేము పెద్దలను కోరుచున్నాము. సిరాబుడ్డి ఇదిగో, ఈ బల్లమీదనే యున్నది.